మధ్యాహ్నపు ఎండను రాత్రికి దాచే పెట్టె: జమ్మలమడుగు నుంచి ఒక బ్యాటరీ పాఠం

ఇంటి బడి – ఈ నెల పాఠం
6 నుంచి 10 తరగతుల పిల్లలతో తల్లిదండ్రులు కలిసి చదవడానికి



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఉంటున్న మనకు కరెంటు తయారీ కొత్త విషయం కాదు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో సోలార్ పార్కు ఉంది. ఆ పార్కులో 250 మెగావాట్ల కోసం ఎన్‌టీపీసీ నిర్వహించిన వేలంలో 2017 ఏప్రిల్‌లో యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలకు దిగినప్పుడు, దేశంలో అప్పటిదాకా సోలార్ కరెంటుకు పలికిన అతి తక్కువ ధర అదే.

ఇప్పుడు మన వైపు వస్తున్న మాట వేరు. కరెంటు తయారీ గురించి కాదు, కరెంటు నిల్వ గురించి. రాష్ట్రంలో పెద్ద బ్యాటరీ కేంద్రాల కోసం ఎన్‌హెచ్‌పీసీ పిలిచిన టెండర్లలో కుప్పం, గని సబ్‌స్టేషన్లతో పాటు జమ్మలమడుగు సబ్‌స్టేషన్ పేరు కూడా ఉంది. మన వాటా 225 మెగావాట్లు, 450 మెగావాట్ అవర్లు. లారీ మీద వెళ్లే కంటైనర్ లాంటి ఉక్కు పెట్టెలు వరుసలుగా పేర్చి, వాటి నిండా బ్యాటరీలు పెట్టడమే ఈ కేంద్రాల పద్ధతి.

ఇలాంటిది ఊరి దగ్గరికి వస్తుందంటే ఇంట్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఇక కరెంటు కష్టాలు ఉండవు" అని ఒకరంటారు. "అవి పేలిపోతాయంట" అని ఇంకొకరంటారు. రెండు మాటలనూ పిల్లలు వింటారు. వాటిలో నిజమెంతో లెక్కతో తేల్చుకోవడం నేర్పితే, ఆ అలవాటు పరీక్ష మార్కులకంటే ఎక్కువ కాలం వాళ్లకు తోడుంటుంది. ఈ నెల పాఠం అందుకే.

1. అసలు సమస్య ఏమిటి?

సోలార్ ప్లాంటు మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో దండిగా కరెంటు ఇస్తుంది. సాయంత్రం 6 దాటితే సున్నా. మన ఇళ్లలో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. మధ్యాహ్నం పిల్లలు బడిలో, పెద్దలు పనిలో ఉంటారు. సాయంత్రం 6 నుంచి 10 దాకా లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు, మిక్సీలు అన్నీ ఒకేసారి నడుస్తాయి. అంగళ్లు, హోటళ్లు కూడా అప్పుడే వెలుగుతుంటాయి.

కరెంటుకు ఒక చిత్రమైన నియమం ఉంది. లైన్లలోకి ఎంత వస్తుందో, అదే క్షణంలో అంత వాడుక ఉండాలి. ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. మన దేశంలో గ్రిడ్ పౌనఃపున్యం 50 హెర్ట్జ్. వాడుక ఎక్కువై ఉత్పత్తి తగ్గితే ఆ సంఖ్య పడిపోతుంది, ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది. అందుకే మధ్యాహ్నం వాడుకకు మించి సోలార్ కరెంటు వస్తే, కొన్నిసార్లు ప్లాంట్లను తగ్గించి నడపమని చెప్పాల్సి వస్తుంది. ఎండ ఉంటుంది, పలకలు ఉంటాయి, కరెంటు మాత్రం తీసుకోలేం.

అదే రోజు సాయంత్రం కరెంటు చాలక, విద్యుత్ ఎక్స్ఛేంజిలో ఎక్కువ ధర పెట్టి కొనాల్సి రావచ్చు. అక్కడ యూనిట్‌కు గరిష్ఠ పరిమితి 10 రూపాయలు. పగలు పారబోసినదాన్నే రాత్రి కొనుక్కున్నట్టు!

థర్మల్ కేంద్రాన్ని సాయంత్రం ఒక్కసారిగా పెంచితే సరిపోదా అని పిల్లలు అడగవచ్చు. మంచి ప్రశ్న. బొగ్గు మండాలి, నీరు ఆవిరి కావాలి, టర్బైన్ వేడెక్కాలి. చల్లారిన యూనిట్‌ను మళ్లీ మొదలుపెట్టడానికి గంటలు పడుతుంది. బ్యాటరీకి ఒక సెకను కూడా అక్కర్లేదు.

2. గండికోట ధాన్యాగారం చెప్పే మాట

గండికోటకు విహారయాత్రకు వెళ్లిన పిల్లలందరూ పెన్నా లోయ దగ్గర ఫోటో దిగి ఉంటారు. కోట లోపల జామియా మసీదు దగ్గరున్న ధాన్యాగారాన్ని ఎంతమంది గమనించారో అడిగి చూడండి. పంట ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది, ఆకలి మాత్రం రోజూ వేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడాన్ని పూడ్చడానికే అంత పెద్ద కట్టడం కట్టారు. మన ఊళ్లలో అవ్వాతాతల కాలంలో జొన్నలకు పాతరలు, వడ్లకు గాదెలు ఉండేవీ ఇందుకే.

సోలార్ కరెంటు కూడా పంట లాంటిదే. కోత మధ్యాహ్నం, ఆకలి రాత్రి. మధ్యలో గాదె కావాలి. ఆ గాదె పేరే బ్యాటరీ కేంద్రం.

3. మెగావాటు, మెగావాట్ అవర్: తేడా తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే

వార్తల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. పిల్లలకు ఇంటి మీది నీళ్ల ట్యాంకు చూపించండి.

ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయి అన్నది నిల్వ. కొళాయి తిప్పితే నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయి అన్నది వేగం. బ్యాటరీలో మెగావాట్ అవర్ అంటే ట్యాంకు పరిమాణం, మెగావాటు అంటే కొళాయి వేగం.

225 మెగావాట్లు, 450 మెగావాట్ అవర్లు అంటే: పూర్తి వేగంతో వాడితే 450 ÷ 225 = 2 గంటలు వస్తుంది. సగం వేగంతో వాడితే 4 గంటలు. "225 మెగావాట్ల బ్యాటరీ" అని మాత్రమే చెబితే అది సగం సమాచారం. ఎన్ని గంటలు అని అడగడం పిల్లలకు నేర్పండి.

మన కరెంటు బిల్లులో ఉండే ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. 1000 యూనిట్లు ఒక మెగావాట్ అవర్. కాబట్టి 450 మెగావాట్ అవర్లు అంటే 4 లక్షల 50 వేల యూనిట్లు. ఒక ఇల్లు సాయంత్రం పూట 2 యూనిట్లు వాడుతుందనుకుంటే, 2 లక్షల 25 వేల ఇళ్లకు ఒక సాయంత్రం సరిపోతుంది.

4. పెట్టె లోపల ఏముంది?

సరుకు రవాణా కంటైనర్‌కు పెద్ద చరిత్ర ఉంది. 1956 ఏప్రిల్‌లో మాల్కమ్ మెక్లీన్ అనే అమెరికన్ రవాణా వ్యాపారి 58 పెట్టెలను ఒక ఓడ మీద పంపించాడు. పెట్టె కొలత ఒక్కటే అయితే ఓడ, రైలు, లారీ, క్రేన్ అన్నీ దానికి తగ్గట్టు మారిపోతాయని అతని ఆలోచన. అది ప్రపంచ వ్యాపారాన్నే మార్చేసింది. బ్యాటరీ కంపెనీలు కూడా అదే సౌలభ్యాన్ని వాడుకున్నాయి. ఫ్యాక్టరీలోనే అన్నీ బిగించి, పరీక్షించి, పెట్టెగా పంపిస్తారు. ఇక్కడ కాంక్రీటు దిమ్మె మీద దించి, కేబుళ్లు కలపడమే ప్రధానమైన పని. భవనం కట్టనక్కర్లేదు. అవసరం పెరిగితే మరికొన్ని పెట్టెలు చేర్చవచ్చు.

20 అడుగుల పెట్టె తలుపు తెరిస్తే కనిపించేవి ఇవీ:

సెల్: ఇది అతి చిన్న భాగం. పెద్ద నిఘంటువు అంత పరిమాణం, ఐదారు కిలోల బరువు ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే సెల్ 3.2 వోల్టులు, 314 యాంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే సుమారు 1005 వాట్ అవర్లు, అంటే దాదాపు ఒక యూనిట్. మీ చేతిలోని ఫోన్ బ్యాటరీలు యాభై కలిపితే ఇలాంటి ఒక సెల్.

ప్యాక్, ర్యాక్: సెల్‌లను వరుసగా కలిపి ప్యాక్ చేస్తారు. ప్యాక్‌లను అల్మారా అరల్లా పేర్చి ర్యాక్ చేస్తారు. ఎక్కువగా కనిపించే అమరికలో ఒక ర్యాక్‌లో 416 సెల్‌లు శ్రేణిలో ఉంటాయి. 416 × 3.2 అంటే సుమారు 1331 వోల్టులు. మన ఇంటి ప్లగ్‌లో ఉండేది 230 వోల్టులే. ఈ పెట్టెల దగ్గరికి శిక్షణ లేనివారు ఎందుకు వెళ్లకూడదో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్: దీన్ని క్లాస్ లీడర్ అనుకోవచ్చు. ప్రతి సెల్ వోల్టేజీ ఎంత, వేడి ఎంత అని ఎప్పటికప్పుడు చూస్తుంది. ఒక సెల్ తేడాగా ఉంటే ఆ ర్యాక్‌ను విడదీసేస్తుంది.

కూలింగ్: ఈ సెల్‌లకు మనలాగే 25 డిగ్రీల ప్రాంతం హాయి. మన జిల్లాలో మే నెల ఎండ 40 దాటుతుంది. ఎండలో నిలబెట్టిన కారు లోపల ఎలా ఉంటుందో మనకు తెలుసు, ఉక్కు పెట్టె లోపలా అంతే. వేడి ఎక్కువైతే సెల్ ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. అందుకే ప్యాక్‌ల అడుగున సన్నని గొట్టాల్లో గ్లైకాల్ కలిపిన నీటిని తిప్పుతూ చల్లబరుస్తారు. ఆ చల్లదనానికీ కరెంటు ఖర్చవుతుంది.

భద్రతా పరికరాలు: వాయువును, పొగను పసిగట్టే సెన్సార్లు, గాలిని బయటికి తోసే ఫ్యాన్లు, లోపల ఒత్తిడి పెరిగితే పైకి తెరుచుకునే పలకలు.

పెట్టె బయట పవర్ కన్వర్షన్ సిస్టమ్ ఉంటుంది. బ్యాటరీలో ఉండేది డీసీ, లైన్లలో ఉండేది ఏసీ. అటూ ఇటూ మార్చడం దీని పని. ఇంట్లో ఇన్వర్టర్ చేసే పనే, కొన్ని వేల రెట్లు పెద్దగా. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ పెంచి సబ్‌స్టేషన్‌కు పంపుతుంది.

5. పేపరు, పెన్ను తీసుకోండి

లెక్క 1. ఒక పెట్టెలో 12 ర్యాక్‌లు, ఒక్కో ర్యాక్‌లో 416 సెల్‌లు. మొత్తం ఎన్ని? 4,992. ఒక్కో సెల్ సుమారు ఒక యూనిట్ కాబట్టి పెట్టెకు సుమారు 5,000 యూనిట్లు, అంటే 5 మెగావాట్ అవర్లు.

లెక్క 2. 450 మెగావాట్ అవర్లకు ఎన్ని పెట్టెలు? 450 ÷ 5 = 90. నిజంగా కట్టేటప్పుడు, నష్టాలనూ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గే సామర్థ్యాన్నీ లెక్కలో ఉంచుకుని మరికొన్ని ఎక్కువ పెడతారు.

లెక్క 3. ఇలాంటి కేంద్రంలో 100 యూనిట్లు నింపితే సుమారు 85 తిరిగొస్తాయి. 450 మెగావాట్ అవర్లు తీసుకోవాలంటే ఎంత నింపాలి? 450 ÷ 0.85 = సుమారు 530. 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు పూర్తి సామర్థ్యంతో రెండు గంటలకు కాస్త పైగా పనిచేస్తే నిండుతుంది.

లెక్క 4, పెద్ద పిల్లలకు. నిల్వ ఖర్చు యూనిట్‌కు ఎంత? ఒక మెగావాటుకు నెలకు 2 లక్షల రూపాయల అద్దె అనుకుందాం. రెండు గంటల బ్యాటరీ కాబట్టి రోజుకు 2,000 యూనిట్లు, నెలకు 60,000 యూనిట్లు. అంటే యూనిట్‌కు 3 రూపాయల 33 పైసలు. పగలు కొన్న కరెంటు యూనిట్ రెండున్నర రూపాయలు అనుకుంటే, 15 శాతం నష్టంతో కలిపి 2 రూపాయల 94 పైసలు. మొత్తం సుమారు 6 రూపాయల 27 పైసలు. 10 రూపాయలు పెట్టి కొనే సాయంత్రం ఇది లాభం. 5 రూపాయలకే దొరికే సాయంత్రం నష్టం. రోజుకు రెండుసార్లు నింపి ఖాళీ చేస్తే అద్దె భాగం సగమవుతుంది. అంటే బ్యాటరీ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు, దాన్ని ఎంత తెలివిగా వాడతామన్న దానిలో ఉంది.

6. ఈ సెల్ వెనుక మనవాళ్లు

ఫోన్లలో, వాహనాల్లో, ఈ పెట్టెల్లో ఉండేవన్నీ లిథియం అయాన్ సెల్‌లే. పని చేసే తీరు చెప్పడం తేలిక. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య లిథియం అయాన్లు ఛార్జింగ్‌లో ఒక వైపుకు, వాడకంలో రెండో వైపుకు వెళతాయి. ఉదయం ఊరి నుంచి టౌనుకు, సాయంత్రం టౌను నుంచి ఊరికి తిరిగే బస్సు ప్రయాణికుల్లాగా. ఈ ఆవిష్కరణకు 2019లో జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. అప్పుడు గుడినఫ్ వయసు 97. నోబెల్ అందుకున్నవారిలో ఆయనే అందరికంటే పెద్దవారు.

పెద్ద నిల్వ కేంద్రాల్లో ఇప్పుడు ఎక్కువగా వాడే రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇందులో ఖరీదైన కోబాల్ట్, నికెల్ ఉండవు. ఇనుము, ఫాస్ఫేట్ చాలు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గుడినఫ్ బృందం 1997లో ఈ పదార్థం గురించి ప్రచురించిన పరిశోధన పత్రంలో మొదటి పేరు అక్షయ పాఢి, రెండో పేరు నంజుండస్వామి. ఇద్దరూ భారతీయ మూలాలవారే. 2019లో స్టాక్‌హోమ్‌లో గుడినఫ్ తరఫున నోబెల్ ఉపన్యాసం చదివినవారు తమిళనాడులో పుట్టిన అరుముగం మంథిరామ్. ఇటు మన తెలుగు నేల మీద, మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం సెల్‌ల కర్మాగారానికి 2023లో శంకుస్థాపన చేసింది.

7. పేలిపోతాయా? నిజం చెప్పుకుందాం

ఈ ప్రశ్నను దాటేయడం పిల్లలకు మంచిది కాదు. లిథియం సెల్ దెబ్బతింటే లేదా అదుపు తప్పి వేడెక్కితే, లోపలి రసాయన చర్యే మరింత వేడి పుట్టిస్తుంది. ఆ వేడి పక్క సెల్‌ను అంటుకుంటుంది. మండే వాయువులు వెలువడతాయి. దీన్ని థర్మల్ రన్‌అవే అంటారు. ఐరన్ ఫాస్ఫేట్ రకంలో ఇది మొదలయ్యే ఉష్ణోగ్రత ఎక్కువ, వెలువడే వేడి తక్కువ. అయినా అసలు జరగదని కాదు. ప్రపంచం దీన్ని ఎలా నేర్చుకుందో మూడు సంఘటనలు చెబుతాయి.

2019 ఏప్రిల్, అమెరికాలోని అరిజోనా. ఒక చిన్న నిల్వ కేంద్రంలో సెల్‌లు వేడెక్కి లోపల వాయువు పేరుకుంది. కొన్ని గంటల తర్వాత ఫైర్ సిబ్బంది తలుపు తెరిచారు. గాలి తగిలి పేలుడు జరిగింది. నలుగురు సిబ్బంది తీవ్రంగా గాయపడ్డారు. పాఠం: వాయువును పసిగట్టే సెన్సార్లు, బయటికి పంపే మార్గం ఉండాలి. లోపల ఏం జరుగుతోందో ఫైర్ సిబ్బందికి బయటి నుంచే తెలియాలి.

2021 జూలై, ఆస్ట్రేలియాలోని జీలాంగ్ దగ్గర. అక్కడి కేంద్రం 300 మెగావాట్లు, 450 మెగావాట్ అవర్లు. మన జమ్మలమడుగుకు అనుకున్నంతే నిల్వ! అక్కడ మొత్తం 212 పెట్టెలు. పరీక్షల దశలో ఒక పెట్టెలో కూలింగ్ ద్రవం కారి షార్ట్ సర్క్యూట్ అయింది. కొత్తగా బిగించిన ఆ పెట్టె పర్యవేక్షణ వ్యవస్థకు అప్పుడు పూర్తిగా కలిసి లేదు, అందుకే హెచ్చరిక అందలేదు. మంట పక్క పెట్టెకు పాకింది. 212లో రెండు కాలిపోయాయి, మిగతావి నిలిచాయి. ఎవరికీ గాయాలు కాలేదు. లోపాలు సరిదిద్దాక అదే ఏడాది డిసెంబరులో కేంద్రం మొదలైంది. పాఠం: పెట్టెల మధ్య ఎడం ప్రాణం లాంటిది. పర్యవేక్షణ మొదటి రోజు నుంచే పనిచేయాలి.

2025 జనవరి, కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్. అక్కడ బ్యాటరీలు విడివిడి పెట్టెల్లో లేవు. పాత విద్యుత్ కేంద్రం భవనంలో అన్నీ ఒకేచోట పేర్చి ఉన్నాయి. రకం కూడా నికెల్, కోబాల్ట్ ఉన్నది. మంట భవనంలో చాలా భాగానికి పాకింది. చుట్టుపక్కల వెయ్యి మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. పాఠం: గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టకూడదు.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లలకు ఒక విషయం అర్థమవుతుంది. ప్రమాదం "ఉంది", "లేదు" అన్నది కాదు అసలు ప్రశ్న. దూరం, సెన్సార్లు, శిక్షణ ఎలా ఉన్నాయన్నదే ప్రశ్న. మన దగ్గర కేంద్రం వచ్చినప్పుడు పౌరులుగా మనం అడగదగినవి ఇవి:

– పెట్టెకూ పెట్టెకూ, పెట్టెలకూ ఊరికీ మధ్య దూరం ఎంత?
– వాయువును పసిగట్టే ఏర్పాటు ప్రతి పెట్టెలో ఉందా?
– ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఫైర్ స్టేషన్ల సిబ్బందికి ముందుగా శిక్షణ ఇస్తారా?
– మంట వస్తే చల్లార్చే నీరు ఎక్కడి నుంచి తెస్తారు, ఆ నీరు ఎటు పోతుంది?
– పన్నెండు పదిహేనేళ్ల తర్వాత పాత బ్యాటరీలను ఎవరు తీసుకెళతారు? మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఈ బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి.

ఇవి వ్యతిరేకించే ప్రశ్నలు కావు. బాధ్యతగా పనిచేసే ఏ సంస్థ అయినా వీటికి జవాబు సిద్ధంగా ఉంచుకుంటుంది.

8. అంతకంటే దగ్గరి ప్రమాదం: మన ఇంట్లోనే

సబ్‌స్టేషన్ దగ్గరి పెట్టెకు సెన్సార్లు ఉంటాయి, చూసుకునే ఇంజనీర్లు ఉంటారు. మన మంచం పక్కన ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీకి మనమే ఇంజనీర్లం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, ఇంట్లో రాత్రి ఛార్జింగ్ పెట్టిన విద్యుత్ బైక్ బ్యాటరీ పేలి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. కుటుంబ సభ్యులు గాయపడ్డారు. దయచేసి ఈ నెల ఇంట్లో ఇవి పాటించండి:

1. ఫోన్, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకును దిండు కింద, పరుపు మీద ఛార్జింగ్ పెట్టనివ్వకండి. వేడి బయటికి పోవాలి.
2. విద్యుత్ స్కూటర్ బ్యాటరీని నిద్రపోయే గదిలో, బయటికి వెళ్లే దారిలో ఛార్జింగ్ పెట్టకండి. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే కాకుండా చల్లారాక పెట్టండి.
3. ఉబ్బిన బ్యాటరీని నొక్కకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి. సర్వీస్ సెంటర్‌కు అప్పగించండి.
4. ఇన్వర్టర్‌లో ఎక్కువగా ఉండేది లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలి ఆడే చోట ఉంచండి, దగ్గర దీపం, అగరుబత్తి వెలిగించకండి.
5. బ్యాటరీ నుంచి పొగ, వింత వాసన, బుస్సుమనే శబ్దం వస్తే దాన్ని ఎత్తుకుని పరుగెత్తకండి. ముందు మనుషులు బయటికి రావాలి, తర్వాత 101కు ఫోన్ చేయాలి.

9. బ్యాటరీ ఒక్కటే దారి కాదు

నీళ్లను కూడా బ్యాటరీగా వాడవచ్చు. పగలు చవక కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎత్తి, రాత్రి కిందికి వదిలి టర్బైన్ తిప్పడమే పంప్‌డ్ స్టోరేజీ. పక్కనే నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్ల ప్రాజెక్టు ఇలాంటిదే. మన గండికోట దగ్గర కూడా 1000 మెగావాట్ల ప్రతిపాదనకు 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. నీటి పద్ధతి ఎక్కువ గంటలు ఇస్తుంది, దశాబ్దాల పాటు నిలుస్తుంది. కానీ కొండ, నీరు, కట్టడానికి ఏళ్లూ కావాలి. పెట్టెలు నెలల్లో వస్తాయి, క్షణంలో స్పందిస్తాయి. కానీ రెండు నుంచి నాలుగు గంటలే, ఆయుష్షూ తక్కువ. పాతరా, గాదె రెండూ అవసరమైనట్టే ఇవీనూ.

10. ఆదివారం ప్రయోగం: కాయలతో సెల్

కావలసినవి: నాలుగు నిమ్మకాయలు (పులివెందుల చీనీకాయలైనా సరే), జింక్ పూత ఉన్న నాలుగు మేకులు, నాలుగు రాగి తీగ ముక్కలు, కలిపే వైర్లు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ. ఉంటే ఒక మల్టీమీటర్.

ప్రతి కాయలో ఒక మేకు, ఒక రాగి ముక్క, రెండూ తగలకుండా గుచ్చండి. ఒక కాయ రాగిని తర్వాతి కాయ మేకుకు కలుపుతూ వెళ్లండి. ఒక్కో కాయ 0.9 వోల్టుల ప్రాంతంలో ఇస్తుంది. మూడు నాలుగు కలిస్తే చీకటి గదిలో ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంది. ర్యాక్‌లో 416 సెల్‌లను శ్రేణిలో ఎందుకు కలుపుతారో పిల్లలకు ఇప్పుడు కళ్ల ముందే కనిపిస్తుంది.

శక్తి పండులో ఉందా అని అడగండి. చాలామంది అవునంటారు. నిజానికి శక్తి కరిగిపోతున్న జింక్ నుంచి వస్తుంది, రసం అయాన్లకు దారి మాత్రమే. ప్రయోగం తర్వాత ఆ కాయలు తినకూడదు, పారేయాలి.

11. చదువుకు దీనితో సంబంధం

8వ తరగతిలో విద్యుత్ ప్రవాహ రసాయన ఫలితాలు, 10వ తరగతిలో విద్యుత్, ఇంటర్‌లో విద్యుత్ రసాయన శాస్త్రం: ఈ పాఠాలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఇంజనీరింగ్ అనగానే కంప్యూటర్ సైన్స్ ఒక్కటే అన్న ఆలోచన ఇళ్లలో బలంగా ఉంది. అది మంచి దారే. అయితే పిల్లవాడికి సర్క్యూట్లు ఇష్టమైతే ఎలక్ట్రికల్, ప్రయోగశాల ఇష్టమైతే కెమిస్ట్రీ, చేతిపని ఇష్టమైతే ఐటీఐ లేదా పాలిటెక్నిక్ కూడా ఈ రంగంలోకి తలుపులే. పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మన చుట్టూనే ఉన్నాయి. సోలార్ పార్కు, థర్మల్ కేంద్రం, రాబోయే నిల్వ కేంద్రం అన్నీ ఒక గంట ప్రయాణంలో ఉన్న పిల్లలు దేశంలో తక్కువమంది. ఆ అవకాశం మన పిల్లలకు ఉంది.

12. భోజనం దగ్గర అడగడానికి ఐదు ప్రశ్నలు

1. 50 మెగావాట్లు, 100 మెగావాట్ అవర్ల బ్యాటరీ పూర్తి వేగంతో ఎన్ని గంటలు వస్తుంది?
2. గ్రిడ్ పౌనఃపున్యం 50 కంటే తగ్గితే బ్యాటరీ కరెంటు తీసుకోవాలా, ఇవ్వాలా?
3. ఒక పెట్టెలో 5,000 యూనిట్లుంటే, మీ ఇంటి నెల బిల్లులోని యూనిట్లతో పోల్చి చూడండి. ఎన్ని నెలలు వస్తుంది?
4. జీలాంగ్‌లో 212 పెట్టెల్లో దాచిన శక్తిని ఇప్పుడు సుమారు 90 పెట్టెల్లో దాచవచ్చు. ఒక్కో పెట్టె సామర్థ్యం ఎన్ని రెట్లు పెరిగింది?
5. మన ఊరి దగ్గర నిల్వ కేంద్రం వస్తే నువ్వు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి?

జవాబులు: 1) రెండు గంటలు. 2) ఇవ్వాలి. 3) మీ బిల్లును బట్టి. 4) సుమారు 2.4 రెట్లు. 5) దీనికి ఒకే జవాబు లేదు. పిల్లలు చెప్పినదాన్ని సైన్స్ నోట్‌బుక్‌లో రాయించి, క్లాస్ టీచరుకు చూపించమనండి. మంచి ప్రశ్నలను తరగతిలో అందరి ముందూ చర్చిస్తాం.